జడ్జి గవర్నరయితే... ఫాతిమా బీవీ ఉదంతం

1999 నవంబర్‌లో తమిళనాడు గవర్నర్ ఇచ్చిన ఒక ఉత్తర్వును మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. మంత్రివర్గాన్ని అడగకుండా గవర్నర్ సొంతంగా నిర్ణయం తీసేసుకున్నారన్నది కోర్టు అభ్యంతరం. రెండేళ్లు తిరగకముందే, 2001 సెప్టెంబర్‌లో, అదే గవర్నర్ తీసుకున్న ఇంకో నిర్ణయం సుప్రీంకోర్టులో వీగిపోయింది. ఈసారి అభ్యంతరం సరిగ్గా తిరగబడింది. మెజారిటీ పార్టీ పేరు చెప్పగానే సరేననేశారు, రాజ్యాంగం ఒప్పుతుందో లేదో గవర్నరే చూసుకోవాల్సింది అన్నది దాని సారాంశం. ఒకసారి తనంతట తాను నిర్ణయించినందుకు, మరోసారి నిర్ణయించనందుకు తప్పు మోసిన ఆ గవర్నర్‌కు చట్టం తెలియదా అంటే, దేశంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన మొట్టమొదటి మహిళ ఆవిడే. జస్టిస్ ఎం. ఫాతిమా బీవీ.

గ్రూప్స్ కోచింగ్ పుస్తకాల పుణ్యమా అని ఆమె పేరు తెలుగునాట చాలామందికి ఒక బిట్‌గా తెలుసు. 'సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి ఎవరు?' అంటే టక్కున చెప్పేస్తారు. అంతకుమించి ఆమె గురించి తెలుగులో జరిగిన చర్చ తక్కువ. మన పక్కనే ఉన్న చెన్నై రాజ్‌భవన్‌లో ఆమె గడిపిన నాలుగున్నరేళ్లు మాత్రం, జడ్జీలను గవర్నర్లుగా వేయడం మంచిదా కాదా అనే చర్చకు ఉన్న ఉదాహరణలన్నింటిలోకీ పెద్దది. సుప్రీంకోర్టు నుంచి వచ్చిన జస్టిస్ ఎస్.అబ్దుల్ నజీర్‌ను 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వేసినప్పుడు కూడా ఇదే ప్రశ్న లేచింది కాబట్టి, ఇది మనకు పొరుగింటి ముచ్చట మాత్రమే కాదు.

ఫాతిమా బీవీ 1927 ఏప్రిల్ 30న అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని పత్తనంతిట్టలో పుట్టారు. తండ్రి మీరా సాహిబ్, తల్లి ఖదీజా బీవీ. తిరువనంతపురంలో కెమిస్ట్రీ ప్రధానంగా బీఎస్సీ చేశారు. ఆమె మనసు ఎమ్మెస్సీ మీద ఉంటే, లా చదవమని పట్టుబట్టింది తండ్రి. దానికి ఒక కారణం ఉంది. అన్నా చాందీ అనే మహిళ 1937లోనే తిరువాన్కూరులో మున్సిఫ్, అంటే కింది కోర్టు జడ్జి, అయ్యారు. కూతుళ్లను హైస్కూలు దాటించడమే గొప్ప అనుకునే కాలంలో, ఒక ఆడమనిషి కోర్టు హాల్లో పైన కూర్చుని తీర్పులు చెప్పడం ఆ ప్రాంతంలో జనం కళ్లారా చూశారు. మీరా సాహిబ్‌కు తన కూతురి విషయంలో ఆ ఆలోచన పుట్టింది అక్కడే. అదే అన్నా చాందీ 1959లో కేరళ హైకోర్టు న్యాయమూర్తి కూడా అయ్యారు.

తిరువనంతపురం ప్రభుత్వ లా కాలేజీలో చదువు ముగించి, బార్ కౌన్సిల్ పరీక్షలో ఫాతిమా బీవీ మొదటి స్థానం తెచ్చుకున్నారు. 1950 నవంబర్ 14న అడ్వకేటుగా పేరు నమోదు చేసుకుని కొల్లం కోర్టుల్లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. తలమీద ముసుగుతో ఒక ముస్లిం యువతి కోర్టుకు వచ్చి వాదించడం ఆ రోజుల్లో వింతే. ఎనిమిదేళ్లు కూడా గడవకముందే, 1958లో, పరీక్ష రాసి మున్సిఫ్ ఉద్యోగంలోకి వెళ్లారు.

అక్కడి నుంచి ఆమె ఎక్కిన మెట్లను కొంచెం ఆగి చూడాలి. 1968లో సబ్ జడ్జి. 1972లో చీఫ్ జ్యుడీషియల్ మెజిస్ట్రేట్. 1974లో జిల్లా సెషన్స్ జడ్జి. 1980లో ఇన్‌కమ్ టాక్స్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో జ్యుడీషియల్ మెంబర్. 1983 ఆగస్టులో కేరళ హైకోర్టు జడ్జి. సుప్రీంకోర్టుకు చేరే వారిలో అత్యధికులు పేరున్న లాయర్లుగా వెలిగి నేరుగా హైకోర్టు బెంచీకి వెళ్లినవారే. మున్సిఫ్ కోర్టులో హద్దు రాళ్ల తగాదాలు, ప్రామిసరీ నోటు దావాలు, ఇంజంక్షన్ పిటిషన్లు విని, ఇరవై ఐదేళ్లు కింది కోర్టుల గాలి పీల్చి పైకొచ్చినవారు చాలా అరుదు. ఆమెది ఆ అరుదైన దారి. అంటే వృత్తి జీవితమంతా దాదాపు ఒకే పని: ఎదుట ఇద్దరు నిలబడతారు, ఇద్దరూ తమ కాగితాలు పెడతారు, ఇద్దరి మాటా విని నిర్ణయం రాయాలి. ఆ నిర్ణయం ఎలా ఉండాలో ఎవరూ చెప్పకూడదు, చెప్పినా వినకూడదు. ఈ అలవాటు సంగతి తర్వాత మళ్లీ అక్కరకొస్తుంది.

1989 ఏప్రిల్ 29న, అరవై రెండేళ్లు నిండి, ఆమె హైకోర్టు నుంచి రిటైరయ్యారు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ అదే ఏడాది అక్టోబర్ 6న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. జడ్జీలను జడ్జీలే ఎంపిక చేసే కొలీజియం అప్పటికి లేదు, నియామకాల్లో ప్రభుత్వం మాటే ఎక్కువగా చెల్లేది. ఉన్నది రాజీవ్ గాంధీ ప్రభుత్వం. 1950లో పుట్టిన సుప్రీంకోర్టుకు ఒక మహిళ కావాలని తోచడానికి 39 ఏళ్లు పట్టింది. రెండో మహిళ జస్టిస్ సుజాతా మనోహర్ 1994లో, మూడో మహిళ జస్టిస్ రూమా పాల్ 2000లో వచ్చారు. రూమా పాల్ పేరు గుర్తుంచుకోవాలి.

సుప్రీంకోర్టులో ఫాతిమా బీవీ ఉన్నది రెండున్నరేళ్లే, 1992 ఏప్రిల్ 29 వరకు. అంత కొద్ది కాలంలో చరిత్రను మలుపు తిప్పే తీర్పులు వెతకడం అత్యాశే. అయినా 1991 నాటి కర్ణాటక మురికివాడ కేసు ఒకటి చెప్పుకోదగింది. ఒక ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తామని మురికివాడల చట్టం కింద నోటిఫై చేసిన ప్రభుత్వం, తర్వాత అందులో కొంత భాగాన్ని తప్పించింది. అక్కడ గుడిసెల్లో ఉన్నవాళ్లను ఒక్క మాట కూడా అడగలేదు. ఒకసారి ఇచ్చిన హక్కును వెనక్కి తీసుకునేటప్పుడు, దెబ్బ తగిలేవాళ్ల మాట వినకుండా తీసుకోకూడదని ఆ ధర్మాసనం చెప్పింది. రెండో పక్షం మాట వినకుండా నిర్ణయం చేయకూడదన్న సహజ న్యాయసూత్రం అది.

రిటైరయ్యాక కొత్తగా ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషన్‌లో సభ్యురాలిగా పనిచేశారు. 1997 జనవరి 25న తమిళనాడు గవర్నరయ్యారు. అదే సమయంలో కేరళకు కూడా మాజీ న్యాయమూర్తినే పంపారు. ఆయన జమ్మూ కశ్మీర్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ సుఖ్‌దేవ్ సింగ్ కాంగ్.

చెన్నై గిండీలోని రాజ్‌భవన్‌కు అప్పట్లో తెలుగువాళ్ల రాకపోకలు బాగానే ఉండేవి. ఆమెకు ముందు పూర్తిస్థాయి గవర్నర్ మర్రి చెన్నారెడ్డి. ఆయన 1996 డిసెంబర్‌లో పదవిలో ఉండగానే కన్నుమూశారు. మధ్యలో కొన్ని వారాలు ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కృష్ణకాంత్ అదనపు బాధ్యత చూశారు. చెన్నారెడ్డి రాజకీయాల్లో తలపండినవారు, గవర్నర్ గిరీ అంటే ఉత్సవ విగ్రహంలా కూర్చోవడం అని ఆయన ఏనాడూ అనుకోలేదు. ముఖ్యమంత్రి జయలలితతో ఆయనకు అస్సలు పడలేదు. 1995లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టాన్సీకి చెందిన భూముల వ్యవహారంలో ఆమె మీద విచారణకు అనుమతి ఇచ్చింది కూడా ఆయనే. ఆయన సంతకం పెట్టిన ఆ కాగితమే ఆరేళ్ల తర్వాత ఫాతిమా బీవీ మెడకు చుట్టుకుంది.

ఆమెను నియమించేనాటికి కేంద్రంలో దేవెగౌడ ప్రభుత్వం, చెన్నైలో కరుణానిధి ప్రభుత్వం. డీఎంకే రెండు చోట్లా ఉంది. రాజకీయ మరకలేని మాజీ న్యాయమూర్తి, మహిళ, మైనారిటీ, పొరుగు రాష్ట్రపు మనిషి. చెన్నారెడ్డి కాలం నాటి రోజువారీ యుద్ధాలు చూసి విసిగిన రాష్ట్రానికి ఇంతకంటే సౌమ్యమైన ఎంపిక దొరకదనిపించింది. మొదటి రెండున్నరేళ్లు అలాగే గడిచాయి కూడా.

మొదటి చిక్కు రాజీవ్ గాంధీ హత్య కేసు నుంచి వచ్చింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నళిని, మురుగన్, శాంతన్, పేరరివాలన్‌లకు మరణశిక్ష ఖాయం చేసింది. అక్టోబర్‌లో రివ్యూ పిటిషన్లు పోయాక, నలుగురూ గవర్నర్‌కు క్షమాభిక్ష అర్జీలు పెట్టుకున్నారు. అక్టోబర్ 27న గవర్నర్ వాటిని తిరస్కరించారు. అర్జీలు చేరిన పది రోజులకే పని అయిపోయింది. క్షమాభిక్ష ఫైళ్లు ఏళ్ల తరబడి నలిగే ఈ దేశంలో అది అసాధారణమైన వేగం.

ఒక జడ్జి దృష్టితో చూస్తే అందులో వింత ఏమీ కనబడదు. అర్జీ వచ్చింది, రికార్డు ఉంది, అత్యున్నత న్యాయస్థానం అన్నీ తేల్చేసింది, కొత్తగా చూడ్డానికి ఏమీ లేదు, డిస్మిస్. కానీ 161వ అధికరణం కింద గవర్నర్ వాడే క్షమాభిక్ష అధికారం పేరుకే గవర్నర్‌ది. దాన్ని మంత్రివర్గం సలహా మీదే వాడాలని సుప్రీంకోర్టు 1980లోనే మారూరామ్ కేసులో తేల్చింది. ఆ సలహా అడగకుండా ఇచ్చిన ఉత్తర్వు చెల్లదంటూ మద్రాస్ హైకోర్టు నవంబర్ 25న దాన్ని రద్దు చేసి, మళ్లీ మొదటినుంచి చేయమంది. 2000 ఏప్రిల్‌లో కరుణానిధి కేబినెట్ నళిని ఒక్కరికే శిక్ష తగ్గించాలని, మిగతా ముగ్గురి అర్జీలు తోసిపుచ్చాలని సలహా ఇచ్చింది. గవర్నర్ ఆ ప్రకారమే సంతకం చేశారు.

ఈ పొరపాటు విషయంలో ఆమెను వెనకేసుకు రావడం కష్టం. చట్టం దాదాపు ఇరవై ఏళ్లుగా స్పష్టంగానే ఉంది, సుప్రీంకోర్టులో కూర్చుని వచ్చిన మనిషికి అది తెలియకపోయే ప్రసక్తే లేదు. తెలిసినదానికి, అలవాటైనదానికి మధ్య తేడా వచ్చిన సందర్భంగా దీన్ని చదువుకోవడమే సబబు. ముప్పై ఏళ్లకు పైగా 'నిర్ణయం నీదే' అన్న పనిలో ఉన్న మనిషికి, 'సంతకం నీది, నిర్ణయం మాత్రం వేరేవాళ్లది' అన్న పని పెడితే చెయ్యి పాత దారినే వెళుతుంది.

అసలు పరీక్ష 2001 మేలో వచ్చింది.

టాన్సీ కేసుల్లో ప్రత్యేక కోర్టు 2000 అక్టోబర్‌లో జయలలితను దోషిగా తేల్చి, ఒకదానిలో మూడేళ్లు, రెండోదానిలో రెండేళ్లు శిక్ష వేసింది. హైకోర్టు శిక్ష అమలును నిలిపింది గానీ, దోషి అన్న తీర్పును నిలపడానికి ఒప్పుకోలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్లకు తగ్గకుండా శిక్ష పడినవారు పోటీకి అనర్హులు. అప్పటికే ఎమ్మెల్యేగానో ఎంపీగానో ఉన్నవారికి అప్పీలు గడువులో కొంత రక్షణ ఉండేది, ఆమె అప్పుడు సభలో లేరు కాబట్టి అదీ వర్తించదు. అయినా ఆండిపట్టి, కృష్ణగిరి, భువనగిరి, పుదుక్కోట్టై, నాలుగు చోట్ల నామినేషన్లు వేశారు. మూడింటిని శిక్ష కారణంగా, నాలుగోదాన్ని రెండు సీట్లకు మించి వేసినందుకు రిటర్నింగ్ అధికారులు తిరస్కరించారు. పోటీ చేయకుండానే ఆమె ప్రచారం చేశారు. మే 13న ఫలితాలొస్తే 234 సీట్లలో అన్నాడీఎంకే ఒక్కటే 132 గెలిచింది. ఎమ్మెల్యేలు ఆమెనే నాయకురాలిగా ఎన్నుకున్నారు. మరుసటి రోజే, మే 14న, గవర్నర్ ఆమెతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు.

జయలలిత వైపు వాదన వినడానికి బాగానే ఉంటుంది. సభలో సభ్యత్వం లేనివారు కూడా ఆరు నెలల పాటు మంత్రిగా ఉండవచ్చని 164వ అధికరణం నాలుగో క్లాజు చెబుతోంది. కేంద్రంలోనూ అలాంటి నిబంధనే ఉంది. పి.వి.నరసింహారావు 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఎంపీ కాదు, ఆ తర్వాతే నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. మరి జయలలితకు అడ్డేమిటి? అడ్డు చిన్నదేమీ కాదు. పి.వి. ఎంపీ కాకపోయినా, కావడానికి అర్హుడు. ఆరు నెలల వెసులుబాటు ఉన్నది ఎన్నికై రాగలవారి కోసం. చట్టమే గేటు వేసినవారికి ఆరు నెలలిచ్చి ఏం లాభం? ఆ ఆరు నెలల్లో వారు చేయగలిగింది ఏమీ ఉండదు.

గవర్నర్ ముందున్న దారులు మరీ అంత ఇరుకైనవి కావు. మెజారిటీ ఏ పార్టీదో అనుమానమే లేదు. ఆ పార్టీని వేరే నాయకుణ్ని ఎన్నుకోమని అడగవచ్చు. అటార్నీ జనరల్ స్థాయి న్యాయ సలహా తీసుకోవడానికి నాలుగు రోజులు ఆగవచ్చు, ఆగితే ఆకాశం ఊడిపడేదేమీ లేదు. ఒక్క ఇబ్బంది మాత్రం నిజం. రాజ్యాంగ ప్రశ్నపై సుప్రీంకోర్టు అభిప్రాయం కోరే అధికారం రాష్ట్రపతికే ఉంది, గవర్నర్‌కు లేదు. మొన్నటిదాకా అదే కోర్టులో కూర్చున్న మనిషి, ఇప్పుడు ఆ కోర్టును ఒక ప్రశ్న అడగలేని కుర్చీలో ఉన్నారు.

ఇక్కడ జడ్జి అలవాటు ఇంకో రకంగా పనిచేసిందని అనిపిస్తుంది. కోర్టులో ఎదుటి లాయరు లేచి అభ్యంతరం చెప్పకపోతే, సాధారణంగా జడ్జి తనంతట తాను కొత్త వివాదం తవ్వరు. రాజ్‌భవన్‌లో ఎదుటి లాయరు ఉండరు. 132 మంది ఎమ్మెల్యేల మద్దతు కాగితం వస్తుంది, దానికి కౌంటర్ దాఖలు చేసేవారు ఉండరు. ప్రతిపక్షం, పత్రికలు బయట ఎంత గోల పెట్టినా అది రికార్డులోకి రాదు. గుడిసెలవాళ్ల మాట వినకుండా నిర్ణయం తీసుకోకూడదన్న సూత్రానికి గవర్నర్ ఆఫీసులో ఒక పద్ధతంటూ లేదు. ఏర్పాటు చేసుకుంటే చేసుకోవచ్చు, ఆమె చేసుకోలేదు.

ఆ ప్రభుత్వం ఏర్పడి ఏడు వారాలకే ఆమె పదవీకాలం ముగిసిపోయింది. జూన్ 29 అర్ధరాత్రి దాటాక, 30 తెల్లవారకముందే, పోలీసులు 77 ఏళ్ల కరుణానిధిని చెన్నైలోని ఇంటి నుంచి అరెస్టు చేశారు. నగరంలో ఫ్లైఓవర్ల నిర్మాణంలో అక్రమాలన్నది ఆరోపణ. పోలీసులు పెద్దాయన్ను లాక్కెళుతున్న దృశ్యాలు సన్ టీవీలో పదే పదే వచ్చాయి. కేంద్రమంత్రులు మురసోలి మారన్, టి.ఆర్.బాలు కూడా అరెస్టయ్యారు. కేంద్రంలో ఉన్నది వాజ్‌పేయి ప్రభుత్వం, డీఎంకే అందులో భాగస్వామి. ఢిల్లీ గవర్నర్‌ను నివేదిక అడిగింది. ఆమె పంపిన నివేదిక రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన కథనాన్నే తిరిగి చెప్పిందని, సొంతంగా పరిస్థితిని అంచనా వేయలేదని కేంద్రం భావించింది. జూలై 1, ఆదివారం. కేంద్ర కేబినెట్ సమావేశమై గవర్నర్‌ను వెనక్కి పిలవాలని రాష్ట్రపతికి సిఫార్సు చేయాలని నిర్ణయించింది. అదే రోజు ఫాతిమా బీవీ రాజీనామా చేశారు. ఐదేళ్లు నిండటానికి ఇంకో ఏడు నెలలు కూడా లేవు. ఆమె వచ్చినప్పుడు చెన్నైలో ఏలుతున్నది కరుణానిధి, ఆమె పోవడానికి కారణమైందీ కరుణానిధి అరెస్టే.

అర్ధరాత్రి అరెస్టు తీరు ఎవరు చూసినా సిగ్గుపడేలా ఉంది, అందులో రెండో మాట లేదు. అయితే గవర్నర్‌ను పంపేసిన తీరును కూడా సమర్థించలేం. ఒక మిత్రపక్షం ఆగ్రహం, ఒక ఆదివారం సమావేశం, అంతే. సుప్రీంకోర్టు జడ్జిని తొలగించాలంటే పార్లమెంటు ఉభయ సభల్లోనూ ప్రత్యేక మెజారిటీ కావాలి. గవర్నర్‌ను తొలగించడానికి 156వ అధికరణంలోని 'రాష్ట్రపతి ఇష్టం' చాలు. 2010లో బి.పి.సింఘాల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, గవర్నర్లు కేంద్రానికి ఏజెంట్లు కారని, ఏ కారణమూ లేకుండా ఇష్టారాజ్యంగా తీసేయకూడదని చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికి ఫాతిమా బీవీ వెళ్లిపోయి తొమ్మిదేళ్లయింది. అసలు ఆమె తొలగింపు కూడా కాదు, రాజీనామా. మన దేశంలో ఇలాంటి సందర్భాల్లో ఎక్కువగా జరిగేది అదే.

జూలై 3న తమిళనాడు బాధ్యతలు తీసుకున్నది మళ్లీ ఆంధ్రప్రదేశ్ గవర్నరే. ఈసారి సి.రంగరాజన్, రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్. సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం బి.ఆర్.కపూర్ కేసులో తీర్పు ఇచ్చింది. రెండేళ్లకు తగ్గని శిక్ష పడినవారిని ముఖ్యమంత్రిగా నియమించడానికి వీల్లేదు, జయలలిత నియామకం చెల్లదు. ప్రజల తీర్పు అంటారా, అది రాజ్యాంగానికి లోబడినంత వరకే. మెజారిటీ పార్టీ అడిగినా సరే, రాజ్యాంగం ఒప్పుకోనివారిని గవర్నర్ నియమించకూడదు. గవర్నర్ తన చర్యలకు కోర్టుకు జవాబు చెప్పనక్కర్లేదన్న రక్షణ, ఆ చర్య వల్ల పదవి పొందినవారికి దొరకదు. ధర్మాసనంలో ఒకరు జస్టిస్ రూమా పాల్. సుప్రీంకోర్టు మొదటి మహిళా న్యాయమూర్తి గవర్నర్‌గా చేసిన నియామకాన్ని, ఆ కోర్టు మూడో మహిళా న్యాయమూర్తి కూర్చున్న ధర్మాసనం చెల్లదని చెప్పింది.

అదే రోజు రాత్రి రంగరాజన్ ఓ.పన్నీర్‌సెల్వంతో ప్రమాణం చేయించారు. అంటే మేలోనే చేయదగిన పని. ఆ తర్వాత సంగతులు వేగంగా జరిగిపోయాయి. డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టు టాన్సీ కేసుల్లో జయలలితను నిర్దోషిగా తేల్చింది, ఫిబ్రవరిలో ఆండిపట్టి ఉప ఎన్నికలో గెలిచారు, 2002 మార్చిలో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి గవర్నర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో డీజీపీగా చేసి రిటైరైన పి.ఎస్.రామమోహనరావు. ఆమె చివరికి నిర్దోషిగా తేలారు కదా, ఫాతిమా బీవీ చేసింది ఒప్పే అయింది కదా అనేవాళ్లు అప్పట్లో ఉన్నారు. ఇది నిలబడే వాదన కాదు. మే 14న గవర్నర్ బల్ల మీద ఉన్నది దోషి అన్న తీర్పే.

మాజీ జడ్జీలందరి అనుభవం ఇలాగే ఉందని మాత్రం చెప్పలేం. తెలంగాణ ఉద్యమం గురించి తెలిసినవారికి ఫజల్ అలీ పేరు కొత్త కాదు. తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని 1955లో చెప్పిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. సుప్రీంకోర్టు తొలి న్యాయమూర్తుల్లో ఒకరు, ఎ.కె.గోపాలన్ కేసులో ఒంటరిగా రాసిన భిన్నాభిప్రాయానికి పేరుపొందినవారు. ఒరిస్సాకు, తర్వాత అస్సాంకు గవర్నర్‌గా వెళ్లి, 1959లో పదవిలోనే చనిపోయారు. ఆయన కాలంలో గవర్నర్‌కు పెద్ద టెన్షన్ ఉండేది కాదు, ఢిల్లీలోనూ రాష్ట్రాల్లోనూ దాదాపు ఒకే పార్టీ. కేరళలో కాంగ్ 2002 వరకు ఉండి ఐదేళ్లు పూర్తి చేశారు. కాబట్టి లోపం మొత్తం జడ్జి అలవాట్ల మీదికి నెట్టేయలేం. చెన్నైలో రెండు ద్రావిడ పార్టీలు ఒకదాన్నొకటి జైల్లో వేయించుకునే కాలం అది. ఆ మంటలో ఎవరు చెయ్యి పెట్టినా కాలేది.

అయితే నియామకం వెనకున్న అసలు చిక్కు అలాగే ఉంది. రాజ్యాంగ సభలో కె.టి.షా, న్యాయమూర్తులు తర్వాత కార్యనిర్వాహక పదవులు తీసుకోకుండా అడ్డుకట్ట వేయాలని సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. కోర్టుల ముందుకొచ్చే వివాదాల్లో ప్రభుత్వానికి పెద్దగా ఆసక్తి ఉండదు, కాబట్టి ప్రలోభానికి తావు తక్కువన్నది ఆయన లెక్క. ఆనాటికి ఆ లెక్క సరిపోయి ఉండవచ్చు. ఇవాళ దేశంలో అన్నింటికంటే పెద్ద కక్షిదారు ప్రభుత్వమే. లా కమిషన్ 1958లోనే, సుప్రీంకోర్టు జడ్జీలు రిటైరయ్యాక ప్రభుత్వం ఇచ్చే కొలువులు తీసుకోకూడదని చెప్పింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్‌కు అలాంటి నిషేధం రాజ్యాంగంలోనే ఉంది. సుప్రీంకోర్టు జడ్జీలకు ఉన్నది ఒక్కటే, రిటైరయ్యాక ఏ కోర్టులోనూ వాదించకూడదు.

ఈ విషయంలో ఫాతిమా బీవీ మీద వేలెత్తి చూపడానికి పెద్దగా ఏమీ లేదు. కోర్టు నుంచి దిగాక రాజ్‌భవన్‌కు చేరడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది, నియమించిన ప్రభుత్వమూ ఆమె బెంచీ మీద ఉన్నప్పటిది కాదు. తర్వాత ఆ ఎడం కరిగిపోతూ వచ్చింది. ప్రధాన న్యాయమూర్తిగా 2014 ఏప్రిల్‌లో రిటైరైన పి.సదాశివం అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళ గవర్నరయ్యారు. జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరి 4న రిటైరైతే, నలభై రోజులు తిరగకుండానే ఫిబ్రవరి 12న ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఆయన పేరు ప్రకటించారు. అయోధ్య తీర్పు ఇచ్చిన ఐదుగురిలో ఆయన ఒకరు, నోట్ల రద్దును సమర్థించిన ధర్మాసనానికి నాయకత్వం వహించినవారు. ఆ తీర్పులకూ ఈ పదవికీ సంబంధం ఉందనడానికి ఆధారం ఎవరూ చూపలేదు. కానీ సంబంధం లేదని నిరూపించే అవకాశం కూడా ఆయనకు మిగల్లేదు, నష్టం అక్కడే. కనీసం రెండేళ్లు ఆగాలన్న నియమం ఉండి ఉంటే ఆయన మీద ఆ మాట పడేది కాదు.

ఫాతిమా బీవీ రాజీనామా తర్వాత పత్తనంతిట్ట వెళ్లిపోయారు. పెళ్లి చేసుకోలేదు. పెద్దగా బయటికి రాలేదు, తన నిర్ణయాలను సమర్థించుకుంటూ పుస్తకాలు రాయలేదు. 2023 నవంబర్ 23న, 96 ఏళ్ల వయసులో, కొల్లంలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. అడ్వకేటుగా మొదటి అడుగు వేసిన ఊరే అది. మరుసటి ఏడాది కేంద్రం మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించింది.

ఆమె తిరస్కరించిన క్షమాభిక్ష అర్జీల కథ మాత్రం ఆమె పదవి దిగాక కూడా ఇరవై ఏళ్లు నడిచింది. రాష్ట్రపతి దగ్గర పదకొండేళ్లు నానినందుకు, మురుగన్, శాంతన్, పేరరివాలన్‌ల మరణశిక్షను 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు యావజ్జీవంగా మార్చింది. ధర్మాసనానికి నాయకత్వం వహించింది, కొన్ని నెలల్లో గవర్నర్ కాబోతున్న సదాశివమే. 2018లో తమిళనాడు కేబినెట్ ఖైదీలను విడుదల చేయాలని సలహా ఇస్తే, అప్పటి గవర్నర్ ఏళ్ల తరబడి ఆ ఫైలు మీద కూర్చుని, చివరికి రాష్ట్రపతికి పంపేశారు. 2022 మే 18న తెలుగువారైన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం ఆ సాగదీతను తప్పుపట్టి పేరరివాలన్‌ను విడుదల చేసింది. క్షమాభిక్ష విషయంలో గవర్నర్ కేబినెట్ సలహాకు కట్టుబడి ఉండాల్సిందేనని మళ్లీ చెప్పింది. 1999లో తొందరపడి పది రోజుల్లో కాదన్న గవర్నర్ మాజీ జడ్జి, 2018 తర్వాత ఎటూ తేల్చకుండా నాన్చిన గవర్నర్ బన్వారీలాల్ పురోహిత్ రాజకీయ నాయకుడు. ఇద్దరికీ కోర్టు చెప్పాల్సి వచ్చింది ఒకే మాట.